మాట పడ్డ తల్లులు, మాట నేర్పిన తల్లులు

"ఈ కాయితం జూడక్కా" అంటూ కొంగున ముడేసుకున్న కాగితం విప్పి నా చేతిలో పెట్టింది. కేసముద్రం రైల్వేస్టేషన్లో పొద్దుటి బండి కోసం ఇద్దరం ఎదురుచూస్తున్నాం. ఆమెది మా చిన్నమ్మ వాళ్ళ వాడకట్టు. పేరు రాయను. పక్కనే బెంచీ మీద ఐదేళ్ళ కొడుకు మంచినీళ్ళ సీసా మూతను తిప్పుకుంటూ కూచున్నాడు. తిప్పడం, ఆగేదాకా చూడటం, మళ్ళీ తిప్పడం. అరగంటగా అదే పని.

నగరంలో పిల్లవాణ్ణి చూపించిన చోట రాసిచ్చిన కాగితం అది. అచ్చు ఇంగ్లీషులో, దానికింద ఎవరో తెలుగులో రాసిన గమనికలు. రోజుకు ఇరవైసార్లు పేరుపెట్టి పిలిచి కళ్ళలోకి చూసేలా చెయ్యాలి. నీ వంతు, నా వంతు అని బంతి ఆట, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. బొమ్మల కార్డులు. వాడు ఏదో ఒక విధంగా అడిగిందాకా ఏదీ చేతికి ఇవ్వకూడదు. అన్నింటికంటే పైన, గీత గీసి మరీ రాసిన శీర్షిక: 'తల్లి చేయవలసినవి'.

తల్లిదండ్రులు అని కాదు. తల్లి.

"మరి వాళ్ళ నాయినకు కాయితం లేదా సారూ అని అడిగిన. నవ్విండు" అంది. ఆమె కూడా నవ్వింది. ఆమె మిరప ఏరను, పత్తి తీయను కూలికి పోతుంది. భర్త మార్కెట్ యార్డులో హమాలీ. పట్నం పోయిన ప్రతిసారీ ఇద్దరిలో ఒకరి కూలి పోవాలి. ఎవరి కూలి పోతుందో చెప్పనక్కర్లేదు కదా.

ఆ రోజు నుంచీ ఆ కాగితం నన్ను వదల్లేదు. దానిమీద ఉన్న ఒక్కొక్క వాక్యానికీ ఒక చరిత్ర ఉంది. మాస్కో నుంచి, వియన్నా నుంచి, అమెరికాలో ఒక పల్లెటూరి మొక్కజొన్న చేను నుంచి, లండన్‌లో ఒక తల్లి ఇంట్లోంచి నడిచి నడిచి అది కేసముద్రం ప్లాట్‌ఫారం దాకా వచ్చింది. దారి పొడుగునా ఆడవాళ్ళే ఉన్నారు. పుస్తకాల అట్టల మీద మాత్రం వాళ్ళ పేర్లు తక్కువ. 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథలు సేకరించి 'మనకు తెలియని మన చరిత్ర' అని పేరు పెట్టింది. ఆ పేరు చాలా చోట్ల పనికొస్తుంది. ఇక్కడా పనికొస్తుంది.

ముందు ఆటిజం గురించి నాలుగు మాటలు. ఇది రోగం కాదు, అంటుకునేది కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. మెదడు వేరే తీరుగా ఎదగడం. సాటి మనుషులతో ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో తేడా ఉంటుంది. చేసిన పనే చేయడం, ఒక విషయం మీద విపరీతమైన ఇష్టం, చప్పుళ్ళూ వెలుతురూ కొన్ని రకాల బట్టలూ తట్టుకోలేకపోవడం ఉంటాయి. కొందరికి మాట రాదు. కొందరికి ధారాళంగా వస్తుంది కానీ ఎదుటివాళ్ళకు ఎందుకు చెప్తున్నారో అర్థంకాని తీరులో వస్తుంది.

మన తల్లులు బిడ్డను చంకనేసుకుని వాకిట్లో నిలబడి చందమామను చూపిస్తూ ముద్దలు పెడతారు. బిడ్డ వేలు చూడదు, వేలు చూపించిన చోటు చూస్తుంది. చూసి మళ్ళీ తల్లి మొహంలోకి చూస్తుంది, 'నువ్వూ చూశావా' అన్నట్టు. ఇద్దరి చూపూ ఒక వస్తువు మీద కలవడమన్న ఈ చిన్న సంగతి మీదే తర్వాత మాట నిలబడుతుందని పరిశోధకులు పుస్తకాలు రాశారు. మనకు దానికి పేరు లేదు, బువ్వ పెట్టడం అంటాం. ఆటిజం ఉన్న బిడ్డ చాలాసార్లు చందమామను చూడదు. తల్లి చేతి గాజును చూస్తుంది. దాని మీద మెరిసే వెలుగును చూస్తుంది. "నేను సందమామను జూపిస్తాంటే వాడు నా గాజులే జూసేటోడక్కా. గాజులంటే ఇష్టమనుకున్న" అని ఆమె చెప్పినప్పుడు, ఏ డాక్టరూ ఇంత సూటిగా చెప్పలేదే అనిపించింది.

ఆటిజం అన్న మాటను స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్ 1911లో స్కిజోఫ్రీనియా గురించి రాస్తూ వాడాడు. తనలో తాను ఉండిపోవడమని దాని అర్థం. పిల్లల్లో దీన్ని గుర్తించిన ఘనత ఎవరిదంటే, మొన్న మొన్నటిదాకా రెండు పేర్లే చెప్పేవారు. 1943లో అమెరికాలో లియో కానర్, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్. వాళ్ళిద్దరికంటే దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, 1925లో, గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఆరుగురు మగపిల్లల గురించి వివరంగా రాసింది. 1891లో కీవ్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. మాస్కోలో పిల్లల మానసిక వైద్యం చేసేది. 1926లో ఆ వ్యాసం జర్మన్‌లో కూడా వచ్చింది. అంటే యూరప్ వైద్యులు చదవగల భాషలోనే ఉంది. అయినా 1996లో సులా వుల్ఫ్ అనే మరో వైద్యురాలు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేదాకా ప్రపంచానికి పెద్దగా తెలియలేదు.

సుఖరేవా వ్యాసంలో నాకు నచ్చింది ఆ లక్షణాల పట్టిక కాదు. ఆమె ఆ పిల్లలతో ఏంచేసిందనేది. వాళ్ళను తన ఆసుపత్రి బడిలో ఉంచుకుంది. అక్కడ వ్యాయామం, సంగీతం, బొమ్మలు గీయడం, చెక్కపని ఉండేవి. తోటిపిల్లలతో కలిసి ఉండటాన్ని ఆ పనుల్లోంచే నేర్పింది. 'నా కళ్ళలోకి చూడు' అని ఎదురుగా కూచోబెట్టి కాదు, పక్కపక్కన నిలబడి ఒక చెక్కను చిత్రిక పట్టడం ద్వారా.

వియన్నాలో కూడా ఇలాంటి పనే జరిగింది. అక్కడి పిల్లల ఆసుపత్రిలో విక్టోరిన్ జాక్ అనే నర్సు ఆటలూ పాటలూ నాటకాలతో పిల్లల రోజును నడిపించేది. యుద్ధంలో బాంబుదాడిలో చనిపోయింది. అదే చోట పనిచేసిన మానసిక శాస్త్రవేత్త ఆనీ వైస్ 1935లోనే అలాంటి ఒక పిల్లవాడి గురించి ఎంతో ఆర్ద్రంగా వ్యాసం రాసింది. సిండ్రోముకు పేరు మాత్రం ఆస్పెర్గర్‌ది. నాజీల కాలంలో, పనికిరారనుకున్న పిల్లలను చంపిన ఆమ్ స్పీగల్‌గ్రుండ్ కేంద్రానికి ఆయన కొందరు పిల్లలను పంపించాడని చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో ఆధారాలతో బయటపెట్టాడు. ఆ సంగతి తెలిశాక నర్సు జాక్‌ను తలచుకుంటే మనసు ఇంకా భారమవుతుంది.

ఇక కానర్. ఆయన 1943 వ్యాసంలో పదకొండుమంది పిల్లలున్నారు. ఎనిమిదిమంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మొదటి పిల్లవాడు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే ఊరి డొనాల్డ్ ట్రిప్లెట్. తండ్రి కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం రాసి పంపాడని ఆటిజం చరిత్ర రాసినవాళ్ళందరూ చెప్తారు. నిజమే, గొప్ప ఉత్తరమే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కానర్‌కు ఉత్తరాలు రాస్తూ, కొడుకును వెంటేసుకుని బడి వాళ్ళతో మాట్లాడుతూ తిరిగింది తల్లి మేరీ.

డొనాల్డ్ కథలో ఇంకో స్త్రీ ఉంది. ఆమె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆమె రైతు. 1942లో డొనాల్డ్‌ను ఇంటికి పది మైళ్ళ దూరంలో ఉన్న లూయిస్ అనే రైతు దంపతుల దగ్గర ఉంచారు. కానర్ 1945లో అక్కడికి వెళ్ళి చూసి, ఆ దంపతుల తెలివికి ఆశ్చర్యపోయాడు. డొనాల్డ్‌కు కొలతల పిచ్చి. వాళ్ళు అతని చేత బావి తవ్వించి లోతెంతో చెప్పమన్నారు. చచ్చిన పిట్టల్నీ పురుగుల్నీ ఏరుకొచ్చేవాడు. వాటికోసం పెరట్లో ఒక శ్మశానం ఇచ్చారు. మొక్కజొన్న సాళ్ళను పదే పదే లెక్కపెట్టేవాడు. లెక్కపెట్టుకుంటూనే దున్నమని గుర్రాన్నీ నాగలినీ అప్పజెప్పారు. కానర్ కళ్ళ ముందే ఆరు సాళ్ళు చక్కగా దున్నాడు. ఆ దంపతులు ఏ పుస్తకమూ చదవలేదు. పిల్లవాడి ఇష్టాన్ని జబ్బు అనుకోకుండా, అందులోంచే మనుషుల్లోకి ఒక దోవ వేశారు. డొనాల్డ్ పెద్దయ్యాక బ్యాంకులో ఉద్యోగం చేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో చనిపోయాడు. లూయిస్ గారి భార్య పేరు కానర్ రాతల్లో 'మిసెస్ లూయిస్' అనే తప్ప లేదు.

ఆ రైతు ఇంటి పాఠం నుంచి ప్రపంచం ముందుకు నడిచి ఉంటే బాగుండేది. కానీ నడిచింది వేరే దిక్కుకు. ఈ లోపం పుట్టుకతో వచ్చిందని 1943లో రాసిన కానరే, అదే వ్యాసం చివర్లో, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ప్రేమ చూపించగలవాళ్ళు తక్కువని కూడా రాశాడు. 1949 నాటికి అది ఇంకా ముదిరింది. పిల్లలను మంచు కరగని రిఫ్రిజిరేటర్లో పెట్టినట్టు పెట్టారన్న పోలిక తెచ్చాడు. ఆ మాటకు కాళ్ళొచ్చాయి. తల్లిదండ్రుల్లోంచి తండ్రి జారిపోయాడు, 'రిఫ్రిజిరేటర్ తల్లి' మిగిలింది. చికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని 1967లో పెద్ద పుస్తకంగా రాశాడు. తాను నాజీ నిర్బంధ శిబిరాల్లో ఉండి వచ్చినవాడు. ఈ పిల్లల పరిస్థితిని ఆ ఖైదీల పరిస్థితితో పోల్చాడు. పోలిక పొడిగించి చూడండి, తల్లి ఎవరవుతుంది? శిబిరం కాపలాదారు. ఆ పుస్తకాన్ని పత్రికలు ఆకాశానికెత్తాయి. పిల్లలను తల్లుల నుంచి విడదీయడమే వైద్యం అయింది. ఇల్లు వదలలేక, బిడ్డను వదలలేక, నేనేం తప్పు చేశానని రాత్రిళ్ళు లెక్కలు వేసుకున్న ఆ అమెరికా ఆడవాళ్ళు చదువుకున్నవాళ్ళు, మధ్యతరగతి వాళ్ళు. మానసిక విశ్లేషణ అనే ఖరీదైన భాషలో వాళ్ళను అన్న మాట, మన ఊళ్ళో అత్తగారు అన్న మాట ఒకటే.

కేసముద్రం తల్లి తాను పడ్డ మాటలు వరసగా చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగిందట. మేనరికం వద్దన్నా చేసుకున్నదట, అదేదో ఆమె ఒక్కతే చేసుకున్నట్టు. కురవి వీరన్నకు మొక్కి తీర్చలేదట. "తీర్చిన అక్కా. మేడారం గూడ వోయిన. వాని ఎత్తు బంగారం తూకమేయించిన." బంగారమంటే సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లం అని ఈ పత్రిక పాఠకులకు చెప్పక్కర్లేదు. ఇన్నింటి తర్వాత ఇప్పుడు కొత్తది ఒకటి వచ్చింది. ఫోన్. "పిలగానికి ఫోనిచ్చి పనిజేసుకుంటది, అందుకే మాట రాలేదు అంటున్నరు. ఊరంతా ఫోన్లే గద అక్కా, అందరి పిల్లలకు మాటలొచ్చినయి."

చిన్న పిల్లలకు గంటల తరబడి ఫోన్ మంచిది కాదు. ఫోన్ చూసే సమయం మనిషితో మాట్లాడే సమయాన్ని తినేస్తుంది. అది ఏ పిల్లకైనా అంతే. కానీ ఫోన్ వల్ల ఆటిజం వస్తుందని నిరూపించినవాళ్ళు లేరు. పుట్టుకలో, జన్యువుల్లో దానికి ఎంతో పెద్ద పాత్ర ఉందని దశాబ్దాల పరిశోధనలు చెప్తున్నాయి. అయినా ఈ మధ్య 'వర్చువల్ ఆటిజం' అని ఒక పేరు పుట్టి వీడియోల్లో తిరుగుతోంది. నాకైతే అది రిఫ్రిజిరేటర్ తలుపు మళ్ళీ తెరిచినట్టే కనిపిస్తుంది. కూలికి పోయి వచ్చి, పొయ్యి ముట్టించి, పది నిమిషాలు పిల్లవాణ్ణి ఫోన్ ముందు కూచోబెట్టిన ఆడమనిషే మళ్ళీ దొరికింది. ఆ పది నిమిషాలూ పిల్లవాణ్ణి ఎత్తుకోని మగమనిషి దొరకడు.

రిఫ్రిజిరేటర్ సిద్ధాంతాన్ని పడగొట్టింది మళ్ళీ తల్లిదండ్రులే. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మానసిక శాస్త్రవేత్త, తానూ ఒక ఆటిజం పిల్లవాడి తండ్రి, ఇది శరీర సంబంధమైనదేనని పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చదివి ఉత్తరాలు రాసిన తల్లిదండ్రులతో మరుసటి ఏడాది జాతీయ సంఘం పుట్టింది. దానికి మొదట ఎన్నికైన అధ్యక్షురాలు రూత్ క్రైస్ట్ సలివాన్, నర్సు, ఏడుగురు పిల్లల తల్లి. వికలాంగ పిల్లలందరికీ బడిలో చోటివ్వాలన్న 1975 నాటి అమెరికా చట్టం కోసం పట్టుబట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 1969లో ఆ సంఘం సభకే వచ్చి కానర్, తల్లిదండ్రులుగా మీరు నిర్దోషులని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారట. నేనైతే కొట్టేదాన్ని కాదేమో. నేరం మోపిందెవరు, క్షమించిందెవరు?

బెటెల్‌హైమ్ పుస్తకం వచ్చిన 1967లోనే క్లారా క్లైబోర్న్ పార్క్ అనే తల్లి కూడా ఒక పుస్తకం రాసింది. పేరు 'ది సీజ్', ముట్టడి అని. 1958లో పుట్టిన చిన్నకూతురితో తాను గడిపిన ఎనిమిదేళ్ళ కథ. కోటలో ఉన్నట్టు కూచున్న పిల్లను బయటికి లాగకుండా, తానే మెల్లగా లోపలికి దారి వెతుక్కున్న కథ. పిల్ల ఎక్కడ చూస్తుందో అక్కడికి తల్లి వెళ్ళి కూచుంటుంది. పిల్ల చేసే పనినే తానూ చేస్తుంది. దాంట్లో ఒక చిన్న మార్పు పెట్టి ఎదురుచూస్తుంది. ఈ రోజు పెద్ద ఫీజులు తీసుకుని చెప్పే పద్ధతులన్నిటికీ ఇదే వేరు. ఆ కూతురు జెస్సీ తర్వాత చిత్రకారిణి అయింది.

ఇంగ్లండ్‌లో లోర్నా వింగ్‌ది ఇంకో రకం ముట్టడి. ఆమె మానసిక వైద్యురాలు. 1956లో పుట్టిన కూతురు సూసీకి ఆటిజమని తెలిశాక తన వృత్తి దారినే మార్చుకుంది. 1962లో మరికొందరు తల్లిదండ్రులతో కలిసి అక్కడి సంఘాన్ని స్థాపించింది. ఆ సంఘం పిల్లలకు చదువు చెప్పడానికి సిబిల్ ఎల్గార్ అనే టీచరు ముందు తన ఇంట్లోనే మొదలుపెట్టింది. 1965కి అది బడి అయింది. 1979లో లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ కలిసి లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతంలో ఇంటింటి వివరాలతో చేసిన పరిశీలన ఈ రంగాన్నే తిరగేసింది. మనుషులతో మెలగడం, సంభాషణ, ఊహ, ఈ మూడింట్లోనూ తేడాలు కలిసి కనిపిస్తాయని, అవి కానర్ చెప్పినదానికంటే ఎంతోమంది పిల్లల్లో, ఎన్నో స్థాయిల్లో ఉంటాయని చూపించారు. 'సామాజిక సంభాషణ' అని ఇవాళ కేసముద్రం కాగితం మీద ఉన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. ఇద్దరు స్త్రీలు, అందులో ఒకరు తల్లి.

ఇంతవరకూ గెలుపు కథే. కానీ నింద పోయాక వచ్చిందేమిటి? చాకిరి.

లాస్ ఏంజలీస్‌లో ఈవార్ లోవాస్ 1987లో ప్రకటించిన ఫలితాలతో గాలి మారింది. చిన్న వయసులో వారానికి 40 గంటలు ఒక్కో నైపుణ్యాన్నీ ముక్కలు చేసి నేర్పిస్తే 19మందిలో 9మంది మామూలు బడిలో కలిసిపోయారని ఆయన రాశాడు. ఆయన పద్ధతిలో మొదట్లో గట్టిగా అరవడం, కొట్టడం ఉండేవి. 1960ల్లో కరెంటు షాకులు కూడా వాడాడు. అది ఒక చర్చ. నాకు ఆ 40 అన్న అంకె ముఖ్యం. వారానికి 40 గంటలంటే ఒక ఉద్యోగం. జీతం లేని ఉద్యోగం ఎవరిది? నిపుణులు అందుబాటులో లేని ప్రతిచోటా, డబ్బు లేని ప్రతి ఇంట్లోనూ అది తల్లిది అయింది. నిన్నటిదాకా బిడ్డను పాడుచేసిందన్న మనిషే ఇవాళ ఉచిత వైద్యురాలు. నిన్న నీ ప్రేమ చాలలేదన్నారు, ఇవాళ నీ గంటలు చాలలేదంటున్నారు. బిడ్డకు మాట రాకపోతే కాగితం మీద ఉన్నవి ఎన్ని చేశావని అడిగేది ఆమెనే.

మన దేశంలో ఈ కథకు ముందు నిలిచింది కూడా ఒక తల్లే. మెరీ బారువా 1991లో ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' ప్రారంభించింది. కొడుకు కోసం వెతుక్కున్న దారి అందరిదీ అయింది. బడి వచ్చింది, పత్రిక వచ్చింది, తల్లిదండ్రులు పిల్లలతో పాటు వచ్చి మూడు నెలలు నేర్చుకునే శిక్షణ వచ్చింది. ఆ రోజుల్లో చట్టానికి ఆటిజం అంటే తెలియదు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం లేదు. ఉన్నట్టు గుర్తింపు కావాలంటే బుద్ధిమాంద్యం కింద రాయించుకోవాలి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో మొదటిసారి ఆటిజం పేరు వచ్చింది. 2016 చట్టంలో గుర్తింపు పొందిన 21 వైకల్యాల్లో అదీ ఒకటయింది.

మన దగ్గర సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఉంది, ఇప్పుడు పేరు మారింది. మన దేశపు పిల్లల కోసం ఆటిజం కొలబద్దను తయారుచేసింది వాళ్ళే. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 దాటితే ఆటిజం ఉన్నట్టు. 2016 నుంచి సర్టిఫికెట్ల కోసం ప్రభుత్వం దాన్నే ఒప్పుకుంది. ఆ నలభైలో మొట్టమొదటిది కళ్ళలోకి చూడకపోవడం. ఈ సంగతి కాసేపు పక్కన పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

కేసముద్రం వరంగల్ జిల్లాలో ఉన్నా, 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చినా, ఇలాంటి పిల్లల తల్లికి రైలు తప్పలేదు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు వచ్చాయి. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకం కింద జిల్లాకో సత్వర చికిత్సా కేంద్రం ఉండాలన్నారు. 2023 నవంబరులో అంగన్‌వాడీలలో వికలాంగ పిల్లలను గుర్తించి కలుపుకునే పద్ధతి ఒకటి కేంద్రం ప్రకటించింది. ఇవన్నీ మంచివే. వీటిలో పనిచేసేది కూడా చాలావరకు ఆడవాళ్ళే, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు. ఇంట్లో ఉచితం, బయట గౌరవ వేతనం.

అయినా ఇందులో ఒక ఆశ ఉంది, దాచను. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65మంది పిల్లలతో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో స్పెషలిస్టులు లేరు. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్ళి, తల్లో తండ్రో బిడ్డతో ఆడుతుండగా వీడియో తీసి, తర్వాత ఇద్దరూ కలిసి కూచుని ఆ వీడియో చూస్తారు. ఆరు నెలల్లో పన్నెండుసార్లు. ఇదిగో ఇక్కడ వాడు నీ చెయ్యి పట్టి లాగాడు, నువ్వు చూడలేదు. ఇక్కడ నువ్వు ఆగి ఎదురుచూశావు, వాడు నీ దిక్కు తిరిగాడు. అంతే. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే దాని మీద దృష్టి పెట్టే సమయం మాత్రం పెరగలేదు. ఇందులో నాకు నచ్చింది, శిక్షణ పిల్లవాడికి కాకుండా పెద్దవాళ్ళకు ఇవ్వడం. మిసెస్ లూయిస్, క్లారా పార్క్ తమంతట తాము కనుక్కున్నదాన్ని ఒక ఆశా కార్యకర్త నేర్చుకుని నేర్పగలదు. కేసముద్రంలోనే నేర్పగలదు. కూలి పోగొట్టుకుని రైలెక్కే పని తప్పుతుంది. కాకపోతే ఆ కార్యకర్తకు ఆ పనికి వేరే జీతం ఇవ్వాలి, వీడియోలో తండ్రి కూడా ఉండాలి.

ఇప్పుడు కళ్ళలోకి చూడటం సంగతి. మన ఇళ్ళలో ఆడపిల్ల పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తే పొగరంటారు. తలెత్తకపోతే, ఎవరితోనూ కలవకపోతే, అడిగిందానికి తప్ప మాట్లాడకపోతే 'నోట్లో నాలుక లేని పిల్ల, బంగారం' అంటారు. మగపిల్లవాడిలో పరుగెత్తుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోవలసిన లక్షణం, ఆడపిల్లలో పెళ్ళిచూపుల్లో చెప్పుకునే గుణం! ఆటిజం మగపిల్లల్లోనే ఎక్కువని ఎన్నో లెక్కలు చెప్తాయి. నాలుగింట మూడు వంతులు వాళ్ళేనని అంచనా. అందులో నిజంగా తేడా ఎంతో, ఆడపిల్లల మీద చూపు పడకపోవడం ఎంతో ఇప్పుడిప్పుడే అడుగుతున్నారు. సుఖరేవా మాత్రం ఆనాడే ఆడపిల్లల మీద కూడా విడిగా రాసింది. మా ఊళ్ళో నాకు తెలిసిన ఒక పెద్దమ్మ ఉండేది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ రోజంతా కూచునేది, ఎవరొచ్చినా తలెత్తేది కాదు, మార్కెట్ మైకు మోగితే చెవులు మూసుకుని వంటింట్లో దూరేది. అందరూ ఆమెను సాధువు అనేవారు. ఆమెకేముందో నేను చెప్పలేను, చెప్పకూడదు. కానీ ఆమెను తలచుకోకుండా ఈ వ్యాసం రాయలేకపోయాను.

ఆటిజం ఉన్నవాళ్ళు పెద్దయి తామే మాట్లాడటం మొదలుపెట్టాక ఇంకో మాట వినపడుతోంది. మా కోసం ఏడవకండి అని 1993లో తల్లిదండ్రులనుద్దేశించి జిమ్ సింక్లెయిర్ రాశారు. కళ్ళలోకి చూడమని బలవంతపెడితే మీ మాట వినడం మాకు ఇంకా కష్టమవుతుందని చాలామంది చెప్పారు. 2012లో డామియన్ మిల్టన్, తాను కూడా ఆటిజం ఉన్నవాడే, అర్థంకాకపోవడం రెండువైపులా ఉంటుందని వాదించాడు. వాళ్ళకు మనం అర్థంకాకపోతే అది వాళ్ళ లోపం, మనకు వాళ్ళు అర్థంకాకపోతే అదీ వాళ్ళ లోపమేనా? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఆడవాళ్ళ మాట మగవాళ్ళకు అర్థం కాలేదంటే ఆడవాళ్ళకు చెప్పడం రాదని శతాబ్దాలుగా విన్నవాళ్ళమే కదా.

బండి గంట ఆలస్యమని మైకులో చెప్పారు. మైకు మోగగానే పిల్లవాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆమె వాణ్ణి ఒళ్ళోకి లాక్కోలేదు, కొంగు తీసి తల చుట్టూ కప్పింది. లోపల్నుంచి సీసా మూత తిరుగుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.

"కాయితంల ఉన్నయన్ని జేస్తున్నవా?" అని అడిగాను.

"అన్ని యాడ అయితయక్కా. బొమ్మల కార్డులు కొనమన్నరు. నేనే బిస్కెట్ పొడా మీది బొమ్మ, పాల పాకిటి మీది బొమ్మ కత్తిరించి అట్టకు అంటిచ్చిన. పాలు గావాలంటె పాల బొమ్మ తెచ్చి ఇస్తడు. ముందు నా శెయ్యి వట్టి గుంజేటోడు, ఏడ్సేటోడు, ఇప్పుడు ఇస్తడు."

"నీకేనా, ఎవరికైనా ఇస్తాడా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "వాళ్ళ నాయినకు గూడ ఇచ్చిండు మొన్న. ఆయన ఇదేం చెత్త అని అవుతల పారేసిండు. వీడు పొయి ఏరుకొచ్చి మల్ల ఆయన శేతులనే పెట్టిండు. మూడు సార్లు పారేసిండు, మూడు సార్లు తెచ్చిండు."

"తర్వాత?"

"నాలుగోసారి అడిగిండు నన్ను, ఏందే ఇది, ఏమడుగుతుండు వీడు అని. నేను చెప్పలే అక్కా. నువ్వే అరుసుకో అన్న."